విసురు వల సంరక్షణ: దూరముగా పడుటకు, నిండుగా విచ్చుకొనుటకు

గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార, నాగావళి నదుల రేవులలోను, కొల్లేటి అంచులలోను, పాకాల, రామప్ప, లక్నవరము వంటి కాకతీయుల కాలపు చెరువులలోను, తెల్లవారుజామున మోకాటిలోతు నీటిలో నిలిచి వల విసరు మనుష్యుడు ఈనాటికిని కానవచ్చును. అతనికి మరబోటు లేదు. తోడు మనుష్యులు లేరు. ఉన్నదెల్ల ఒక వల, ఒక బుట్ట, రెండు భుజములు. లాగుడు వలకు పదిమంది కావలెను. విసురు వల ఒక్కని పనిముట్టు. ఆ ఒక్కని ఇంటిలో ఆ పూట పొయ్యి వెలుగుట ఆ వల ఎంత దూరము పడినదో, ఎంత నిండుగా విచ్చుకొన్నదో దానిపై ఆధారపడి యున్నది.

చేపలు పడనిరోజున నీటిని నిందించువారు కలరు; గంగమ్మకు కోపము వచ్చినదనువారు కలరు; వయసు మీదపడి చేయి పోయినదని నిట్టూర్చువారును కలరు. ఇవి కొంతవరకు నిజము కావచ్చును. కాని అనేక సందర్భములలో చేయి పోలేదు, వల పోయినది. కొన్ననాడు చక్కగా గుండ్రముగా పడిన వల రెండేండ్లు గడచునప్పటికి కోడిగ్రుడ్డు ఆకారమున పడుచుండును. మార్పు నెమ్మదిగా వచ్చుటచేత విసరువానికే అది తెలియదు.

ఇందులో ఎంత నష్టము కలదో లెక్కవేసి చూతము. పైకొన నుండి అంచువరకు మూడు మీటర్ల పొడవుగల వల పూర్తిగా విచ్చుకొని పడినచో సుమారు 28 చదరపు మీటర్ల నీటిని కప్పును. అదే వల చిక్కుపడియో, అంచు ముడుచుకొనియో రెండు మీటర్ల మేరకే విచ్చుకొన్నదనుకొందము. మూడింట ఒక వంతే తగ్గినదని తోచును. కాని అది కప్పు నీరు పన్నెండున్నర చదరపు మీటర్లు మాత్రమే. సగముకంటె తక్కువ! వృత్తము యొక్క వైశాల్యము వ్యాసార్ధపు వర్గమును బట్టి యుండుటయే దీనికి కారణము. పనివాడు అంతే శ్రమపడి, అన్నిసార్లే విసరి, సగము కూలి కూడ గిట్టని పని చేయుచున్నాడన్న మాట. దూరము విషయము కూడ ఇట్టిదే. చేప మనిషి నీడను, అడుగుల అదురును ఎరుగును. గట్టుకు దగ్గరగా పడు వలకు బెదరిన చేపలే మిగులును. రెండు మూడు మీటర్లు ఆవలగా పడు వలకు బెదరని చేపలు దొరకును.

వల గాలిలో ఎట్లు విచ్చుకొనునో తెలిసికొన్నచో దానిని ఎట్లు కాపాడవలెనో సగము తెలిసినట్లే. విసరువాడు నడుము త్రిప్పి వలకు ముందుకు పోవు వేగమును, గిరగిర తిరుగు వేగమును కలిపి ఇచ్చును. ఆ తిరుగుడు వలన అంచునగల గుండ్లు బయటికి లాగబడును. బండిచక్రము నుండి బురద బయటికి చిమ్ముటకును ఇదియే కారణము. గుండ్లు బయటికి పోవుచు తమ వెంట వలను లాగి విప్పును. కావున వల విచ్చుకొనుటకు మూడు సంగతులు కుదరవలెను. గుండ్ల బరువు అంచు చుట్టును సమానముగా పంచబడి యుండవలెను. పోగు మెత్తగా నుండి కన్నులు ఒకదానిపై నొకటి అంటుకొనక జారవలెను. వల అల్లికలో ఎచ్చటను బిగువు ఉండరాదు. ఈ మూటిలో ఏది చెడినను వల ఒక ప్రక్క వెనుకబడును. వెనుకబడిన ప్రక్క ముందుపోవుచున్న ప్రక్కను కూడ ఆపివేయును.

ఇక పోగు సంగతి. మన తాతలనాటి వలలు నూలుతోను, జనపనారతోను అల్లబడినవి. నూలును నీటిలోని సూక్ష్మజీవులు తినివేయును. అందుచేత పూర్వులు తంగేడు చెక్క, తుమ్మ చెక్క వంటివి నీటిలో మరగించి ఆ కషాయములో వలలను నానబెట్టి వన్నె కట్టెడివారు. ఆ చెక్కలలోని వగరు పదార్థము నూలును కొంతకాలము కుళ్లకుండ కాపాడును. వేట ముగియగానే వలలను ఎర్రని ఎండలో ఇసుకపై పరచి ఆరబెట్టెడివారు. తడిగా నున్న నూలు వల ఒక్క రాత్రి కుప్పగా పడియున్నను కుళ్లు మొదలిడును గనుక ఆ పద్ధతి ఆనాటికి మిక్కిలి సరియైనది.

1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో నైలాను తొలిసారి తయారైనది. మన దేశమున 1957లో కొచ్చిన్‌లో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనా సంస్థవారు ఇట్టి కృత్రిమపు పోగులతో చేసిన వలలపై చిరకాలము పరిశోధనలు జరిపిరి. నేడు రేవులలో నూలు వల కనబడుట అరుదు. నైలాను కుళ్లదు, నీటిని కొద్దిగా మాత్రమే పీల్చును, నూలుకంటె సన్నని పోగే ఎక్కువ బరువునకు నిలచును. సన్ననిపోగు గాలిలోను నీటిలోను తక్కువ అడ్డు కలిగించును గనుక వల దూరము పోవును, త్వరగా మునుగును.

పోగు మారినది గాని అలవాటు మారలేదు. నైలానుకు శత్రువు కుళ్లు కాదు, ఎండ. సూర్యకాంతిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు నైలాను అణువుల గొలుసులను త్రెంచివేయును. పోగు ఎంత సన్ననైన అంత త్వరగా ఈ నష్టము కలుగును. తాత నూలు వలను ఎండలో ఆరవేసినాడు, అది మంచిది. మనుమడు నైలాను వలను అదే ఇసుకపై, అదే ఎండలో దినమంతయు పరచుచున్నాడు, అది తన చేతులార వలను కాల్చుకొనుటయే. చూపునకు వల చెక్కుచెదరకుండును. పెద్ద చేప పడిననాడు పుటుక్కున తెగును. అప్పుడు చేప బలమైనదని చెప్పుకొందురు!

ఎండ ఎంత తిన్నదో కనుగొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. వల పైకొన దగ్గర, ముడుతలలో నీడన దాగియుండు భాగము నుండి ఒక పోగు ముక్కను, ఎండ తగులు క్రింది భాగము నుండి ఇంకొక ముక్కను తీసికొని, ఒక్కొక్కదానిని రెండు చేతుల వ్రేళ్లకు చుట్టి లాగి చూడవలెను. ఆ రెండు భాగములు ఒకే పోగుతో అల్లినవై యుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. రెండవది సులభముగా తెగినను, తెగిన చోట బూజువలె పొడి రాలినను, వన్నె వెలిసి పాలిపోయి కనబడినను, ఆ భాగమునకు ఆయువు తీరినదని గ్రహింపవలెను. వల అంతయు పారవేయనక్కరలేదు. క్రింది పట్టీ మాత్రము విప్పి క్రొత్తది అల్లించుకొనవచ్చును.

కావున వేట ముగిసిన వెంటనే వలను మంచినీటిలో రెండు మూడుసార్లు జాడించి, బురద, నాచు, ఆకులు, చేప పొలుసులు పోవునట్లు చేసి, నీడలో గాలి తగులునట్లు పైకొనను పట్టి వ్రేలాడదీయవలెను. ఉప్పుటేరులలోను, సముద్రపు ఒడ్డునను వేటాడువారు ఈ జాడింపును ఒక్క దినమును మానరాదు. ఉప్పునీరు ఆరినపుడు పోగుల నడుమ ఉప్పు గడ్డకట్టి పోగు బిరుసెక్కును; ఆ పలుకులు ఒకదానితో నొకటి రాపిడి పడి పోగును లోపలినుండి కోయును. వల వ్రేలాడదీయునపుడు తుప్పుపట్టిన మేకుకు తగిలించుట కంటె నున్నని వెదురు దండెమునకు వేయుట మేలు. పూర్తిగా ఆరిన వలను గోనెసంచిలో వదులుగా పెట్టి ఎత్తున ఉంచవలెను. చేప వాసన మిగిలిన వలను ఎలుకలు కొరుకును. ఒక్క రాత్రిలో ఎలుక చేసిన కన్నములు పూడ్చుటకు రెండు దినములు పట్టును. బ్యాటరీల యాసిడ్, బ్లీచింగ్ పౌడరు వంటివి ఉన్నచోట నైలానును ఉంచరాదు. ఇవి రెండును దానిని తినివేయును.

క్రొత్తగా కొన్న ఒంటిపోగు వల, అనగా ఒకే తీగవలె పారదర్శకముగా నుండు పోగుతో చేసినది, మొదట బిరుసుగా నుండును. కట్టలో ముడుచుకొని యున్న మడతలు దానికి అలవాటై పోయి విసరినపుడు విచ్చుకొననీయవు. దానిని గోరువెచ్చని నీటిలో కొన్ని గంటలు నానవేసి, పైకొనను ఒక కొమ్మకు కట్టి, గుండ్లు నేలను తాకనంత ఎత్తున వ్రేలాడదీసి, ఒక రాత్రి వదలినచో గుండ్ల బరువే మడతలను సాపుచేయును. మరిగిన నీరు మాత్రము పోయరాదు. ముడులు బిగుసుకొని కన్నులు కురచకావచ్చును.

అంచు త్రాడును, గుండ్లను గూర్చి కొంత వివరముగా చెప్పవలసి యున్నది, ఏలయన వల విచ్చుకొనని దోషములలో అనేకము ఇచ్చటనే పుట్టును. మూడు మీటర్ల వల పూర్తిగా విచ్చుకొన్నపుడు దాని అంచు చుట్టుకొలత సుమారు 19 మీటర్లగును. పది సెంటీమీటర్లకు ఒక గుండు చొప్పున కట్టినచో 190కి కొంచెము లోపు గుండ్లు కావలెను. గుండు ఒక్కింటికి 20 గ్రాములైన మొత్తము మూడుముక్కాలు కిలోలు. రాళ్లలో తగులుకొని అచ్చటొకటి అచ్చటొకటి ఊడిపోవుట సహజము. చెదురుమదురుగా పది పోయిన పెద్ద బాధ లేదు. కాని ఒకేచోట పది గుండ్లు పోయినచో ఒక మీటరు పొడవున అంచు తేలికయగును. విసరినపుడు ఆ ప్రక్క వెనుకబడును. నీటి అడుగునకు చేరిన పిదప ఆ ప్రక్క నేలకు అంటక పైకి లేచియుండును. చేప అడుగున పాకుచు తప్పించుకొను ద్వారమును వెదకును. దానికి మీటరు వెడల్పు గల ద్వారము మనమే తెరచి పెట్టినట్లగును. బొచ్చె, రోహులకంటె కొరమీను, జెల్ల వంటి అడుగున తిరుగు చేపలు ఈ మార్గమును ముందుగా కనిపెట్టును.

పోయిన గుండ్ల స్థానమున చేతికి దొరికిన బరువు కట్టుట మరియొక పొరపాటు. ఒకచోట సీసపు గుండ్లు, ఒకచోట ఇనుప బిళ్లలు, ఒకచోట సైకిలు నట్లు కట్టిన వలలు రేవులలో అప్పుడప్పుడు కనబడును. చూచుటకు ముచ్చటగానే యుండును గాని బరువు సమానముగా లేనిచో తిరుగుడు కుదరదు. ఇనుమే వాడదలచినచో చుట్టును ఇనుమే వాడవలెను. సీసము నీటికంటె 11 రెట్లకు పైగా బరువైనది. ఇనుము సుమారు 8 రెట్లు. కావున అంతే బరువునకు ఇనుప గుండు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా నుండును. అట్లే, గుండు రంధ్రపు అంచులను ఆకురాయితో నునుపు చేయకున్నచో అవి త్రాటిని కోయును. ఇనుమునకు తుప్పు కూడ తోడగును. ఇనుప గుండ్లు వాడువారు వలను జాడించి ఆరబెట్టుటలో మరింత శ్రద్ధ వహింపవలెను.

అంచు త్రాడు ఏ పదార్థముతో చేసినదో కూడ గమనింపవలెను. నైలాను వలకు నూలుత్రాడు అంచుగా కట్టువారు కలరు. నూలుత్రాడు తడిసినపుడు కురచయగును. వల అంతే యుండి అంచు మాత్రము కురచైనచో సంచి మూతి బిగించినట్లుండును. ఇంట పొడిగా పరచి చూచినపుడు వల సరిగానే కనబడును. నీటిలో తడిసిన తరువాత విచ్చుకొనదు. ఈ చిక్కునకు మూలము దొరకక వలనే మార్చివేసినవారు లేకపోలేదు. వలయు, అంచు త్రాడును, గుండ్లు కట్టు దారమును ఒకే జాతి పోగుతో నుండుట శ్రేయస్కరము.

సీసపు గుండ్ల విషయమున ఇంకొక సంగతి కలదు. అది చేపలకు సంబంధించినది కాదు, పిల్లలకు సంబంధించినది. సీసము విషము. ఇది శరీరములో చేరి నిలిచిపోవును. ఎదుగుచున్న పిల్లల మెదడును, నరములను దెబ్బతీయును. ఇంత మేరకు హాని లేదని చెప్పదగిన పరిమితి ఏదియు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. సీసపు గుండ్లను పంటితో నొక్కి బిగించుట, విసరునపుడు అంచును పంటితో పట్టుకొనుట అలవాటైనవారు ఆ అలవాటును నేడే మానవలెను. బిగించుటకు పట్టకారు వాడవచ్చును. అంచును మోచేతిమీద వేసికొని విసరు పద్ధతియు కలదు. వల పట్టుకొన్న చేతులను సబ్బుతో కడుగుకొనక అన్నము ముట్టరాదు, బీడీ ముట్టరాదు, పిల్లను ఎత్తుకొనరాదు. పాత గుండ్లను ఇంటి పొయ్యిమీద కరగించి క్రొత్తవి పోయువారు మరింత ప్రమాదములో నున్నారు. కరగిన సీసముపై తేలు బూడిదవంటి మడ్డి, దాని ధూళి, కాక మితిమీరినచో లేచు ఆవిరి ఇంటిల్లిపాదికిని చేటు. గర్భిణీ స్త్రీలు, పసిబిడ్డలు దరిదాపులలో ఉండరాదు, వంటపాత్ర వాడరాదు, అచ్చులో తడి ఉండరాదు. తడి అచ్చులో కరగిన సీసము పోసినచో నీరు తటాలున ఆవిరియై లోహము ముఖముపైకి చిమ్మును. పోతపోసిన గుండ్లను బజారున కొనుట కొంత ఖర్చుతో కూడిన పనియే. అయినను ఈ ఒక్క విషయమున పొదుపు తగదని మా దృఢాభిప్రాయము.

ఇక చిరుగులు. చిరిగిన చోట నాలుగు కన్నులను ఒకటిగా దగ్గరకు లాగి ముడివేసి వేటకు పోవుట అందరును చేయు పనియే. ఆ పూటకు అది సరిపోవును. కాని ఆ ముడి అట్లే నిలచిపోయినచో అచ్చట వల శాశ్వతముగా బిగుసుకొనును. ఒక చొక్కాకు చంకలో కుట్టు బిగిసినచో చేయి పైకెత్తినపుడు చొక్కా అంతయు లాగినట్లే, ఒక్కచోటి బిగువు వలయంతటిని లాగివేయును. ఇట్టి ముడులు పది చేరినచో వల గుండ్రముగా పడుట కల్ల.

బాగుచేయు పద్ధతి పెద్దలకు తెలిసినదే యైనను క్రొత్తగా నేర్చుకొను యువకులకై ఇచ్చట తెలుపుచున్నాము. ముందుగా చిరుగు చుట్టునుగల తెగిన పోగులను కత్తిరించి శుభ్రము చేయవలెను. వలలో ఒక్కొక్క ముడినుండి నాలుగు పోగులు వెడలును. కత్తిరించునపుడు పైన ఒక ముడికి మూడు పోగులు మిగులునట్లు, క్రింద మరియొక ముడికి మూడు పోగులు మిగులునట్లు చేయవలెను. నడుమనున్న ముడులన్నింటికిని రెండేసి పోగులు మిగులవలెను. పై మూడుపోగుల ముడివద్ద అల్లిక ఆరంభించి, ఎడమకును కుడికిని వరుసగా వచ్చుచు, క్రింది మూడుపోగుల ముడివద్ద ముగింపవలెను. ఇట్లు చేసినచో మొదలును తుదయు కుదరి ఒక్క కన్నైనను మిగులదు. కత్తిరించుటకు చేయి ఆడక చిరుగును ఉన్నదున్నట్లు అల్లబోయినవారికి చివరకు ఒక కన్ను ఎక్కువయో తక్కువయో అగును.

అల్లుటకు వాడు పోగు పాత పోగంత లావుగానే యుండవలెను. కన్ను కొలతకై కన్ను భుజమంత వెడల్పు గల నున్నని వెదురుబద్ద నొకదానిని ఎల్లప్పుడును వలతోపాటు ఉంచుకొనవలెను. కంటితో అంచనా వేయువాని అల్లికలో కన్నులు రానురాను చిన్నవగును. ముడి, నేతపనివారు తెగిన పోగులు కలుపుటకు వేయునట్టిదే. కాని నైలాను నునుపైనది గనుక జారును. ముడిని రెండుసార్లు వేసి తడిచేసి గట్టిగా బిగింపవలెను. మరియొక సూక్ష్మము కలదు. విసురు వల పైకొన వద్ద కొద్ది కన్నులతో మొదలై, క్రిందికి వచ్చుకొలది కొన్ని వరుసలకొకసారి అదనపు కన్నులు చేర్చబడి విశాలమగును. చిరుగు ఆ అదనపు కన్నులు గల వరుసలో పడినచో వానిని కూడ మరల చేర్చి అల్లవలెను. మరచినచో ఆ ప్రక్క వల ఇరుకగును. ఎన్నిసార్లు బాగుచేసినను గుండ్రముగా పడని వలలను పరిశీలించినచో ఈ లోపమే తరచుగా కనబడును.

మన ప్రాంతపు అనేక వలలలో అంచు లోపలికి మడవబడి, అక్కడక్కడ కట్టబడి, చేప చిక్కుకొను సంచులు ఏర్పడియుండును. ఈ కట్లు వదులైనచో సంచి తెరచుకొని, పైకి లాగునపుడు చేప జారిపోవును. మిక్కిలి బిగువైనను వల విచ్చుకొనదు. వారమున కొకసారి వానిని చేతితో తడిమి చూచిన చాలును.

చేతిత్రాడు సంగతి చాలమంది పట్టించుకొనరు. వల ఎంత దూరము పోవలెనన్నను చేతిత్రాడు అడ్డములేక వెంట పోవలెను గదా! బురదపట్టి బిరుసెక్కిన త్రాడు, మెలికలు పడిన త్రాడు వలను నడి గాలిలో వెనుకకు లాగును. విసరిన ప్రతిసారియు వల తిరుగును గనుక ఆ మెలిక త్రాటిలో చేరుచుండును. వల కొనకును త్రాటికిని నడుమ సులువుగా తిరుగు ఇత్తడి కీలు నొకదానిని అమర్చినచో మెలిక తనంత తాను విడిపోవును. దాని వెల స్వల్పము. లేనివారు వేట ముగియగానే త్రాటిని పొడవునను నీటిలో వదలి లాగినను మెలికలు కొంతవరకు పోవును.

పట్టణములలోను, పెద్ద జలాశయముల ఒడ్డునను వినోదమునకై గాలము వేయువారు తమ గడకు రీలు అను పనిముట్టును బిగించుకొందురు. అందొక జాతి రీలు 19వ శతాబ్దపు తొలి దశాబ్దములలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున గడియారపు పనివారి చేతిలో రూపుదిద్దుకొన్నది. పిడి ఒక చుట్టు త్రిప్పినచో దారపు కండె అనేక చుట్లు తిరుగును. విసరినపుడు ఎర బరువుకు కండె తనంత తాను తిరిగి దారమును వదలును. కండె ఇరుసునకు ఇరువైపుల గల బేరింగులలో ఎండిన నూనె, ఉప్పు, ఇసుక చేరినచో దూరము తగ్గును. వారు ఆ బేరింగులను కడిగి, ఆరబెట్టి, పలుచని నూనె ఒకటి రెండు చుక్కలు మాత్రము వేయుదురు. ఎక్కువ వేసినను, చిక్కని గ్రీజు పూసినను కండె మందగించును. గ్రీజు పళ్లచక్రములకే తగినది. దారమును కండె అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపుదురు. తక్కువ నింపిన దారము దూరము పోదు. మరీ నిండుగా నింపిన ప్రక్కలకు జారిపడును. ఎర వేగము తగ్గిన పిదపను కండె అదే వేగమున తిరిగినచో దారము గిజిగాని గూడువలె చిక్కుపడును గనుక కొద్దిపాటి బ్రేకు ఉంచుదురు.

ఇదియంతయు మనకేల యన్నచో, ఖరీదైన ఆ యంత్రమునకును, మన వలకును సూత్రమొక్కటియే. విసరిన బలము వస్తువుతోపాటు పోవలెను. రాపిడిలోను, చిక్కులోను ఖర్చు కారాదు. రీలు గలవాడు వారమునకొకసారి నూనెచుక్క వేయుచుండగా, ఆటకు గాక అన్నమునకై విసరువాడు తన వలను పట్టించుకొనకుండుట వింతయే.

వల సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు నీటిలో చూచుట కష్టము. రాళ్లు, ముండ్లు లేని పచ్చికపై, గాలిలేని వేళ, వలను తడిపి మామూలుగా విసరవలెను. పడిన వలను కదల్చక, అంచు వెంట నాలుగు వైపుల పుల్లలు గ్రుచ్చి, ఎదురెదురు పుల్లల నడుమ దూరము కొలువవలెను. రెండు కొలతలును ఇంచుమించు సమానముగా నున్నచో వల బాగున్నది. ఒకటి ఆరు మీటర్లు, రెండవది నాలుగు మీటర్లు అయినచో దోషమున్నది. ఇరుకైన ప్రక్కకు ఒక రంగు గుడ్డపేలిక కట్టి, మరల మరల విసరి చూడవలెను. ప్రతిసారియు గుడ్డ కట్టిన ప్రక్కయే ఇరుకైనచో దోషము వలలో నున్నది. ఆ ప్రక్క గుండ్లను, కుట్లను, అల్లికను వెదకవలెను. ఒకొక్కసారి ఒకొక్క ప్రక్క ఇరుకైనచో దోషము చేతిలో నున్నది. వల మడిచి పట్టుకొను తీరును దిద్దుకొనవలెను. ఈ చిన్న పరీక్షతో చేయి పోయినదా, వల పోయినదా అను వివాదము తీరిపోవును. గట్టినేలపై, సిమెంటు కళ్లములపై ఈ పరీక్ష చేసినచో పోగు అరుగును.

వల దూరము పోవుచున్నకొలది ప్రాణరక్షణకు సంబంధించిన జాగ్రత్తయు పెరుగవలెను. చొక్కా బొత్తాములు, ఉంగరములు, గడియారము పట్టీలు వల కన్నులలో తగులుకొని మనిషిని నీటిలోనికి లాగిన సందర్భములు కలవు. బిగుతు బనీను ధరించి, ఉంగరములు తీసి విసరుట మేలు. చేతిత్రాటిని మణికట్టుకు బిగిముడి వేయరాదు. చేయి జారినచో వెంటనే ఊడివచ్చునట్టి వెడల్పైన ఉచ్చు చాలును. పెద్ద చేపయో, వరదలో కొట్టుకొనివచ్చు మానో తగిలినపుడు వలను వదలివేయగల వీలుండవలెను. ఆనకట్టల దిగువన చేపలు గుంపుగూడును గనుక అచ్చట వల విసర మనసగును. తలుపులెత్తినపుడు నీరు నిమిషములలో పెరుగును. హెచ్చరిక కూత వినబడిన తరువాత మరియొక్క విసరు అను ఆశ కూడదు.

వర్షర్తువు రాకతో మన బొచ్చె, రోహు, మోసు చేపలు గ్రుడ్లుపెట్టుటకు ఎదురీదును. ఆ దినములలో నదులలో తల్లిచేపలను పట్టినచో మరుసటి ఏటి వేటను ఈయేడే తినినట్లగును. చెరువులలో పిల్లలను విడిచిన తొలినెలలలో చిన్నకన్ను వల దించరాదు. సహకార సంఘములు తమలో తాము కట్టడి చేసికొన్నగాని ఇది సాగదు. తెలంగాణమున ప్రభుత్వము చెరువులలో చేపపిల్లలను విడుచు పథకము 2016లో ఆరంభమైనది. ఆ పిల్లలు ఎదిగి మార్కెట్టు చేరవలెనన్నను వల కన్ను వాని కన్న తల్లివలె కొంత విడిచిపెట్టవలెను.

ఇక పనికిరాని వల. నైలాను కుళ్లదని పైన చెప్పితిమి. చెరువులో పారవేసిన వలముక్క కూడ కుళ్లదు. అది ఏండ్లతరబడి నీటిలోనుండి చేపలను, కొంగలను, నీటిపాములను ఎవరికిని కాక చంపుచుండును. గట్టున పడినదానిని పశువులు మేతతో మ్రింగును. రాళ్లలో చిక్కిన వలను వీలైనంతవరకు విడదీసి తెచ్చుకొనవలెను. పాత వలనుండి ముందుగా గుండ్లన్నింటిని లెక్కపెట్టి విప్పి, మూతగల డబ్బాలో పిల్లలకు అందనిచోట దాచవలెను. బలముగా మిగిలిన పైభాగమును కత్తిరించి అతుకులకు ఉంచుకొనవచ్చును. మిగిలినది కూరపాదులకు పందిరిగా నొకటి రెండేండ్లు పనిచేయును. పోగు పొడిగా రాల నారంభించినపుడు దానిని తీసి చుట్టగా చుట్టి, నీటికి దూరముగా, చెత్త సేకరించు పంచాయతీ బండికి ఇయ్యవలెను.